గుమ్మం దగ్గర కొలువు

ఎవరికిచ్చేస్తున్నావురా ఆ కుక్కని? ఆ ఫోను కింద పెట్టి చెప్పు. సాయంత్రం బండి వస్తుందా! బస్సు దిగొచ్చి ఇంకా కాళ్లయినా కడుక్కోలేదు, ఇదా నాకు చెప్పే కబురు? పిక్క పట్టుకుందట! పట్టుకోదూ మరి? తెచ్చిన రోజు నుంచి స్నానాలగదిలో పెట్టి గడియ వేశావు. అది చూసిన ప్రపంచమల్లా ఒక బకెట్టు, ఒక మగ్గు. అలాంటిదాని మీదికి కొళాయి బాగుచేసేవాడు ఇంత పానా పట్టుకుని దూరితే, నమస్కారం పెడుతుందనుకున్నావా? నవ్వకు. నాకు ఒళ్లు మండుతోంది. మా అక్క ఉండుంటే ముందు నిన్ను కూర్చోబెట్టేది గుమ్మంలో.

అదే, బట్టలు కుట్టే కొట్టు నడిపిన అక్క. నువ్వు పుట్టకముందే పోయిందిలే. వీధిలోకి తెరుచుకునే పొడుగాటి గది, గోడవారగా మిషన్లు, మధ్యలో కత్తిరింపుల బల్ల. ఆ బల్ల కింద ఆవిడ కూతురు. కొత్త మనిషి కనపడితే చాలు, గుడ్డపీలికల్లో దూరిపోయేది. చుట్టాలొస్తే నువ్వు గదిలోకి పోయి తలుపేసుకుంటావు చూడు, అలా. ఒక టైలరుండేవాడు, వాడి చేతిలో కత్తెర పడితే గుడ్డ దానంతటదే తెగినట్టుండేది. నోరు మాత్రం... ఏం చెప్పను! ఒక పెద్దమనిషికి కొలతలు తీస్తూ, "అయ్యా, ఈ పొట్టకి చొక్కాగుడ్డ చాలదు, దుప్పటి పట్టుకురండి" అన్నాడు. ఆయన మళ్లీ వస్తాడా? వీళ్లిద్దరూ చాలరన్నట్టు ఒక కుక్క. గాలి వీచినా అరిచేది. ఓ పొద్దున అక్క టైలర్ని మిషను మీంచి లేపి, "నీకు రేపట్నుంచి గుమ్మం దగ్గర పని. కుక్క తాడు నీ చేతిలో. వచ్చినవాళ్లని లోపలికి పంపు" అంది. బావకి కోపం నషాళానికెక్కింది. "పనిమంతుణ్ణి కుక్కకి కాపలా పెడతావా? ఇక బట్టలెవరు కుడతారే, నీ కుక్కా?" అక్క నోట్లోంచి గుండుసూదులు తీసి, "వీడి చేతులు పని నేర్చాయి, మొహం ఇంకా నేర్వలేదు" అంది. మళ్లీ సూదులు నోట్లోకి.

వాడు మొదట వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు, మొండివెధవ. కానీ మనిషి కనిపిస్తే కుక్క మీదికి లేస్తుంది, జనం బెదిరి వెనక్కి పోతారు, లోపల్నుంచి అక్క చూస్తోంది. నోరు విప్పక తప్పలేదు. "భయపడకండమ్మా, కొత్తవాళ్లంటే దీనికి కంగారు. నేను పట్టుకున్నానుగా, రండి." వాడి నోట్లోంచి ఊడిపడిన మొదటి మంచిమాటరా అది! కుక్క తరఫున మాట్లాడీ మాట్లాడీ వాడికి మనుషులతో మాట్లాడ్డం వచ్చింది. వాడి గొంతు తగ్గేసరికి కుక్క గొంతూ తగ్గింది. ఓ నాడు ఆ పిల్ల బల్ల కింద నుంచి పాక్కుంటూ వచ్చి, ఎవరో ఆవిడతో, "మీ చెయ్యి వాసన చూడనివ్వండి, ఊరుకుంటుంది" అంది. బావ చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఉండిపోయింది, కింద ఎవరి ప్యాంటో మాడిపోయింది. అక్క పోయిన రోజు బావ మూలన కూలబడితే, వచ్చినవాళ్లందర్నీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది ఎవరనుకున్నావు? దుప్పటి తెమ్మన్నవాడే.

నువ్వేమో బండి పిలిచావు! దానికి మనిషి మొహం చూపించకుండా, మనుషుల్లో బతకడం రాలేదని తోసేస్తావా? ఏం పెంపకంరా ఇది? ఆ బండివాడికి ఫోను చెయ్యి, రావద్దని. నా ఎదురుగానే. ఊఁ. ఇప్పుడా గడియ తియ్యి. మెల్లగా! అరుస్తున్నది నేనా? సరే, అరవను. రామ్మా, రా... అయ్యో, ఎలా వణికిపోతోందిరా. దీని పేరేమిటి?

పెట్టలేదా?

మరి ఇన్నాళ్లూ దీన్ని ఏమని పిలిచావురా?