మెట్‌పల్లి సముద్రం

రామచంద్రం చాయ హోటల్ బల్ల మీద ఎబినేజర్ కూసున్నడంటే, ఇగ పొయ్యి మీద పాలు పొంగినా ఎవ్వడు చూడడు. గాయిన మస్కట్ల ఒక అక్వేరియం దుకాణంల చాన ఏండ్లు పని చేసిండు. దుకాణం మూతపడంగనే ఊరికొచ్చిండు. ఆయన భార్య స్తుతి మాత్రం ఆడనే దవాఖానల నర్సు, ఇంక ఆడనే ఉన్నది. ఎబినేజర్ ఇంటికొచ్చి ముందటి అర్రల పెద్ద అద్దాల తొట్టి పెట్టి, అండ్ల ఉప్పునీళ్లు పోసి, సముద్రపు చేపలను, పగడాలను సాదుతుండు. మా మెట్‌పల్లిల సముద్రాన్ని చూసినోళ్లే తక్కువ, దాన్ని ఇంట్ల పెట్టుకున్నోడు ఆయనొక్కడే.

గా ఆదివారం చర్చి అయిపోయినంక ఇస్త్రీ అంగీ మీదనే వచ్చి కూసున్నడు.

"అన్నా, ఓ చాయ పొయ్యి," అని మొదలుపెట్టిండు. "పెద్ద ముచ్చటేం కాదు గని, మొన్న ఎండకాలంల ఒక్క నాచుపోగును పీకి పారేసిన. గంతే."

పోగు అనంగనే లచ్చయ్య చెవులు నిక్కినయి. ఆయన సాంచల మీద బట్ట నేసేటోడు. "గదేం పోగురా?" అన్నడు.

"చెప్త ఇను కాకా. సముద్రపు చేపను సాదుడంటే చెరువు చేపను సాదినట్టు కాదు. బోరునీళ్లు పోసినవా, ఖతం. మన బోర్లల్ల చేన్లకు చల్లిన యూరియా అంత దిగి ఉంటది. మక్కచేను ఎట్ల ఏపుగ లేస్తదో తొట్టిల నాచు గట్లనే లేస్తది. అందుకే నేను మిషన్ల నీళ్లు వడగట్టి, హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిన సముద్రపుప్పు కలిపి, బరాబర్ కొలిచి పోస్త. వారం వారం కొన్ని పాత నీళ్లు తీసి కొత్తయి పోస్త. చేపలకు మేత చిటికెడు ఎక్కువ పడనియ్య, తినంగ మిగిలిందే కుళ్లి నాచుకు ఎరువైతది గద. గింత పథ్యం చేసినా ఓ దినం పగడం పక్కపొంటి పచ్చటి పోగొకటి లేచింది. ఎంటికంత. పోనీ తీయని ఇడిసిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది?"

"తెల్లారేసరికి ఆ పోగు పడుగయ్యింది కాకా, పేకయ్యింది! అద్దం మీద అడ్డం నిలువు నేసిపారేసింది. నువ్వు నెలంత నేసే బట్ట అది ఒక్క దినంల నేసింది, అంచు కూడ ఏసింది!"

"కూలి ఎవలిచ్చిండ్రు దానికి?" అన్నడు లచ్చయ్య. అందరు నవ్విండ్రు.

"నవ్వుండ్రి. నేను పండ్లు తోమే బ్రష్షు పట్టుకొని కూసున్న. తోముతుంటే ఒక కొస చేతికొచ్చింది, పట్టి గుంజిన. గుంజుతున్న, వస్తున్నది, గుంజుతున్న, వస్తున్నది. అర్ర నిండింది, కిటికీలకెల్లి బయట పడ్డది, గల్లీ దాటింది. గల్లీ కొసకు రామవ్వ బర్రె కట్టేసి ఉన్నది. అది ఆ కొస నోట్లె పెట్టుకొని నములుకుంట నములుకుంట మా ఇంటిదాక వచ్చి, కిటికీలకెల్లి నా మొఖం చూసి, ఇంకున్నదా అన్నట్టు తల ఊపింది. గా సంది దాని పాలు ఉప్పగైనయి!"

రామచంద్రం గంటె ఆపి, "గందుకేనా, నడిమిట్ల నా చాయ ఉప్పగున్నదని గిరాకీలు మొత్తుకున్నరు?" అన్నడు.

"బరాబర్! నీ తప్పేం లేదన్నా, అది సముద్రం తప్పు. మల్ల నాచు రావద్దని నత్తలను తెప్పిచ్చిన. నత్తలు నాచు తింటయి. గని అవి బద్దకంగ ఒక్క మూలకు కూసున్నయి. ఇట్ల కాదని నేను తొట్టి ముందర కూసొని చర్చిల పాడే పాటలు గొంతెత్తి పాడిన. ఏం తిన్నయి అనుకున్నరు! తిని తిని గంపలంత అయినయి. ఓనాడు గ్యాసు సిలిండర్ మోసెటోడు రాలేదని, నత్త మీద పెట్టి ఇంటికి తోలుకొచ్చిన."

"ఇంటికొచ్చేసరికి ఎంతసేపైంది?"

"కాకా, జర పెద్ద ముచ్చట చెప్తుంటే చిన్న ముచ్చట్లు అడగకు. మీకు అలల సంగతి చెప్పలే. తొట్టిల అలలు లేపే మోటరొకటి ఉంటది. పగడాలకు నీళ్లు కదులుతుండాలె, నిలవ నీళ్లల్ల నాచు పడతది. మోటరు జర పెద్దది పెట్టిన. అల లేచి అర్రల పడ్డది, అర్రలకెల్లి బజార్ల పడ్డది, బస్టాండుల బస్సు ఎక్కెటోళ్లు చెప్పులు చేత పట్టుకొని ఎక్కిండ్రు. గంతేనా! ఈ ముచ్చట బాసరల గోదారికి తెలిసింది. పుణ్యస్నానాలు చేసెటోళ్లు చూస్తుండంగనే గోదారి ఆగింది. సముద్రం గింత దగ్గరుంటే నేను రాజమండ్రి దాక ఎందుకు నడుసుడు అని, మెట్‌పల్లి దిక్కు మల్లింది!"

"ఓరి దేవుడా!" అన్నడు రామచంద్రం.

"నేనే పోయి బతిమిలాడిన, తల్లీ, మా ఇల్లు చిన్నది, నువ్వు పట్టవు అని. గప్పుడు గని ఎనుకకు మల్లలే."

చాయ ఒక్క గుక్క తాగిండు. గొంతు జర తగ్గింది.

"నమ్మరు గని, మీకొక ముచ్చట చెప్త. స్తుతి డ్యూటీ దిగి సముద్రం ఒడ్డుకు పోతది. మేమిద్దరం రోజు పోయేటోళ్లం. నేను దుకాణంలకెల్లి వచ్చేదాక చెప్పులు ఇడిసి నీళ్లల్ల నిలబడేది. ఇప్పుడు ఒక్కతే పోతది. ఆమె ఆడ నీళ్లల్ల కాలు పెట్టంగనే, ఈడ మోటరు బంద్ ఉన్నా సరే, నా తొట్టిల అల లేస్తది. అండ్ల ఉన్న రెండు నారింజ రంగు చేపలు గిర్రున తిరిగి అద్దం దగ్గరికొస్తయి. ఫోన్ల చూసి వాటికి పేర్లు పెట్టింది ఆమెనే గద, యాది మరువయి."

ఈసారి ఎవ్వలు నవ్వలే. ఎబినేజర్‌కు అది నచ్చలే. గొంతు పెంచిండు.

"అన్ని సముద్రాలు ఒక్కటే కాకా! ఆ నీళ్లు ఈ నీళ్లు కలిసినంక ఇమానమెందుకు, వీసా ఎందుకు? మస్కట్ల ఓడ ఎక్కుతది, నా తొట్టిల దిగుతది. ముందటి అర్రల లంగరు ఏస్తరు. నేను తువ్వాల పట్టుకొని నిలబడుత, సంచులు అందుకుంట, వచ్చినవా అంట. ఆ తర్వాత ఏమైతదో ఎరికేనా?"

ఎవ్వలు ఏమైతదని అడగలే. ఎబినేజర్ కూడ చెప్పలే.

పొయ్యి ఇవతల మిర్చీలు ఏస్తున్న బాలలక్ష్మి, రామచంద్రం భార్య, జాలిగంటె పక్కకు పెట్టింది.

"తమ్మీ," అన్నది, "మొన్న కూరగిన్నె కోసం మీ ఇంటికొస్తిని గద. తొట్టిల నాకు ఒక్క చేప కనబడలే. అద్దం నిండ పచ్చగ పాచి పట్టి ఉన్నది. ఒక మూల జానెడంత జాగ మాత్రం తుడిచి ఉన్నది. పట్టపగలు లైటు ఎలుగుతనే ఉన్నది."

లచ్చయ్య నవ్వబోయి ఎబినేజర్ మొఖం చూసి ఆగిండు.

"లైటు ఎక్కువసేపుంటే నాచు పడతది, నాకు ఎరికే వదినా," అన్నడు ఎబినేజర్, చాయ కప్పు దిక్కు చూసుకుంట. "ఆ పని చేసి వచ్చినోన్ని. పదిమందికి చెప్పినోన్ని. గని ఆమెకు డ్యూటీలు మారుతుంటయి, ఎప్పుడు వీడియో ఫోన్ చేస్తదో తెల్వదు. చేసినప్పుడు చీకటి కనబడొద్దని ఆర్పబుద్ధి కాదు. గా తుడిచిన మూలకు ఫోన్ పెట్టి చూపిస్త. చేపలు బతికే ఉన్నయి. ఆమె వచ్చేటాళ్లకు అద్దం సాఫ్ చేస్త."

"నిన్న నాకు ఫోన్ చేసింది స్తుతి," అన్నది బాలలక్ష్మి.

ఎబినేజర్ తలెత్తిండు. "నాచు సంగతి చెప్పినవా?"

"చెప్పలే. ఆమె చేపల ముచ్చటే అడగలే. 'అక్కా, ఆయన ఎట్లున్నడు, బక్కగయిండా? ఎప్పుడు ఫోన్ చేసినా తొట్టి అద్దం దిక్కే తిప్పుతడు. ఆయన మొఖం చూడక ఎన్ని దినాలయిందో' అని అడిగింది. అడుగుకుంటనే ఏడ్చింది."

బస్టాండు దిక్కుకెల్లి జగిత్యాల బస్సు హారన్ కొట్టుకుంట పోయింది.

"నా మొఖంల ఏమున్నది వదినా, చూసెతందుకు?" అన్నడు ఎబినేజర్ మెల్లగ. "పని లేదు, పాట లేదు. సముద్రం చూపిస్తేనన్న మంచిగుంటదనుకున్న."

"సముద్రం ఆమెకు ఆడ లేకనా?" అన్నది బాలలక్ష్మి.

ఎబినేజర్ మిగిలిన చాయ తాగకుంటనే లేచిండు. రెండడుగులు ఏసి, అంగీ సర్దుకొని, మల్ల ఎనుకకు తిరిగిండు.

"అన్నా," అన్నడు రామచంద్రంతోని, "జర దువ్వెనుంటే ఇయ్యి."