టెస్సా రైఫిల్‌కి హార్లన్ సలహా

హార్లన్‌ని ఏదైనా అడిగేముందు మా ఊళ్లో వాళ్లు ఆ పూటకి ఇంకేం పనుల్లేవని రూఢి చేసుకుంటారు. టెస్సా ఆ జాగ్రత్త తీసుకోలేదు. బెర్నీస్ కాఫీ హోటల్లోకి వచ్చి, టోపీ తీసి, సరాసరి ఆయన ఎదురుగానే కూర్చుంది.

హార్లన్ షెరీఫ్ ఆఫీసులో, అంటే మా కౌంటీ పోలీసుల్లో, డెప్యూటీగా చేసి రిటైరయ్యాడు. హోటలు నడిపే బెర్నీస్ ఆయన భార్యే. ఆ పొద్దున బల్ల దగ్గర గొడ్ల ఆసామి లైల్ ఉన్నాడు, నేనున్నాను. నేను బడి బస్సు తోలతాను. పిల్లల్ని దించేసి అప్పుడే వచ్చాను. బయట ఎప్పట్లాగే గాలి. వ్యోమింగ్‌లో గాలి ఆగిందంటే జనం బయటికొచ్చి ఏమైందా అని చూస్తారు.

"హార్లన్ గారూ, మీరు మీ మొదటి రైఫిల్ ఎలా ఎంచుకున్నారు?" అని అడిగింది టెస్సా. "ఆకులు రాలే కాలానికి పోలీసు శిక్షణకి పోతున్నాను కదా. ఎదురు తుపాకుల కొట్లో రెండు తీసి పక్కన పెట్టించాను. ఒకటి చిన్నది, పాయింట్ టూ టూ అంటారే, సన్న తూటాది. రోజంతా డబ్బాలు కొట్టుకున్నా భుజం నొప్పి పుట్టదు. ఇంకోటి నల్లది, పోలీసులు వాడే రకం. సరదాకీ ఉండాలి, రేపు ఉద్యోగానికీ పనికిరావాలి. రెండూ కొనే స్తోమతు లేదు. నాన్న పెద్దదే కొనమంటున్నాడు. ఏదో ఒకటి సాయంత్రంలోగా చెప్పాలి."

"అయిపోయింది. నా గొడ్లకి ఇవాళ మేత లేదు," అన్నాడు లైల్. కానీ లేవలేదు.

హార్లన్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు. చేతులకి చోటు కావాలి ఆయనకి.

"మంచి మనిషినే అడిగావు తల్లీ. నేను కొన్నప్పుడు నాకు నీ ఈడే, మీసం ఇంకా సరిగ్గా రాలేదు. కొట్లో వరసగా నిలబెట్టి ఉన్నాయి, మెరిసిపోతున్నాయి. నేను మెరుపు చూశానా? చూళ్లేదు. ఒక్కోదాన్నీ తీసి భుజానికి ఆనించి చూశాను. ఒకటి గొట్టం బరువు, ముందుకి వాలిపోతోంది. ఒకటి భుజానికి ఆనించే మడమ పొడుగు, చెంప అందట్లేదు. ఆఖర్న ఒకటి తీసి, కళ్లు మూసుకుని భుజానికి పెట్టి, కళ్లు తెరిచానమ్మా, గోడమీద క్యాలెండర్లో ఆదివారం ఉందే, సరిగ్గా దానిమీద ఉంది గురి! అలా కుదరాలి. ఇంటికి తెచ్చి, కంచె గుంజమీద బీన్స్ డబ్బా పెట్టి, మొదటి దెబ్బకే ఎగరగొట్టాను."

"ఇక్కడిదాకా నమ్ముతాను," అన్నాడు లైల్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? డబ్బా కిందపడలేదు! పడబోతుంటే ఇంకోటి కొట్టా, మళ్లీ లేచింది. ఇంకోటి కొట్టా. అలా లేపుకుంటూ, లేపుకుంటూ, నేను కింద నడుస్తున్నా, అది పైన నడుస్తోంది, మా పచ్చిక దాటాం, ఏరు దాటాం, పక్క కౌంటీలోకి పోయాం. అక్కడి ముసలాయన ఒకడు అరుగుమీద కూర్చుని, బాబూ ఆ డబ్బా ఎటు పోతోంది అని అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మా అమ్మ చూస్తే ఊరుకోదు, ఎక్కడి డబ్బా అక్కడే పెట్టాలి. సరే అని అటుపక్కకి పోయి నిలబడి, మళ్లీ కొట్టుకుంటూ వెనక్కి తోలుకొచ్చి, ఆ గుంజమీదే దించాను."

టెస్సా ముందుకి వంగింది. ఆ పిల్లలో ఉన్న గుణం అది. నవ్వాల్సిన చోట కూడా అడుగుతుంది. "మీ రైఫిల్లో తూటాలు ఎన్ని పడతాయండీ?"

"ఐదు."

"ఐదేనా? మరి అంత దూరం..."

"డబ్బా పైకెళ్లి దిగేలోపు నింపుకునేవాణ్ణి. అందుకే చెప్తున్నా, నింపడానికి సులువుగా ఉందో లేదో చూసుకుని కొనాలి!"

"డబ్బా ఖాళీదా, లోపల బీన్స్ ఉన్నాయా?"

"ఉన్నాయి. తిరిగొచ్చేసరికి ఉడుకెక్కి ఉన్నాయి. ఆ రాత్రి మా ఇంట్లో అవే కూర."

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు లైల్.

"నువ్వు నోర్మూసుకో లైల్. ఈ అమ్మాయి నేర్చుకోడానికొచ్చింది. ఇప్పుడు గాలి సంగతి విను తల్లీ. చాలామంది తుపాకీ చూసుకుంటారు, గాలి చూసుకోరు. ఓ చలికాలం పడమటి గాలి ఎంతలా కొట్టిందంటే, నేను పడమటికే తిరిగి పేల్చాను, తూటా బయటికొచ్చింది, వచ్చి నా ముందు ఆగిపోయింది! గాల్లో అలాగే నిలబడి తుమ్మెదలా గుయ్యిమంటోంది. అది ముందుకి పోలేదు, గాలి వెనక్కి రానివ్వట్లేదు... కాదు కాదు, గాలి ముందుకి పోనివ్వట్లేదు, నా తుపాకీ వెనక్కి రానివ్వట్లేదు. టోపీ తీసి గాలికి అడ్డం పెట్టాను. అప్పుడు కదిలింది పాపం. ఆ రోజు నుంచి ఏం చేసేవాణ్ణో తెలుసా? తూర్పున ఉన్నదాన్ని కొట్టాలంటే పడమటికి గురిపెట్టేవాణ్ణి. గాలే తీసుకెళ్లి తగిలించేది."

బెర్నీస్ కాఫీ కూజా పట్టుకుని వచ్చి అందరి కప్పులూ నింపింది. ఇలాంటివి ఆమె ఎన్నో వింది. మొహంలో ఏమీ కనపడదు.

టెస్సా తన కప్పులోకి చూస్తూ అడిగింది. ఈసారి గొంతు తగ్గింది. "పేలినప్పుడు... మీకు కళ్లు మూసుకుపోలేదా?"

"నాకా? కళ్లా?" హార్లన్ బల్ల చరిచాడు. "ఆ రోజుల్లో నేను రెప్ప వేసేవాణ్ణే కాదు తల్లీ! తూటా పోతుంటే దాని వెనకాల చెక్కిన అక్షరాలు చదివేవాణ్ణి. ఓసారి ఒక అక్షరం తప్పు చెక్కారు, కంపెనీవాళ్లకి ఫోన్ చేసి చెప్పాను."

లైల్ నవ్వాడు. నేనూ నవ్వాను. టెస్సా నవ్వలేదు. ఆ పిల్ల కుడిచెయ్యి భుజం దాకా పోయి, అక్కడే కాసేపు ఉండి దిగింది. వాళ్ల నాన్న వేట రైఫిల్ పేల్చిచూసి ఉంటుందనిపించింది నాకు. శిక్షణలో గురి తప్పినవాళ్లని ఇంటికి పంపేస్తారని ఊళ్లో అందరికీ తెలుసు. బెర్నీస్ కూడా ఆ చేతినే చూసింది. వెళ్లిపోబోతున్నదల్లా కూజా పట్టుకుని అక్కడే నిలబడింది.

హార్లన్ ఇదేం గమనించలేదు. ఆయనకి ఊపొచ్చింది.

"ఇదంతా సరదా. ఇక డ్యూటీ సంగతి చెప్తా విను. ఉద్యోగంలో చేరిన కొత్త. ఎండాకాలం. నీలం రంగు పికప్ ట్రక్కు ఒకటి ఎవడో దొంగ ఎత్తుకుపోతున్నాడని కబురొచ్చింది. మామూలు దొంగ కాదు. మూడు రాష్ట్రాల పోలీసుల్ని ఏడిపించినవాడు. ఏడడుగుల మనిషి."

"ఏడడుగులా?" అంది బెర్నీస్.

"కూర్చుంటే ఏడు! నిలబడితే ఎంతో నేను చూళ్లేదు. ఇంతేసి మీసాలు, కిటికీలోంచి బయటికొచ్చి గాలికి జెండాల్లా కొట్టుకుంటున్నాయి."

"మీసాలు కూడానా," అంది బెర్నీస్. పక్క బల్ల దగ్గర్నుంచి కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు ఆశ్చర్యమేసింది. ఆయన కథకి ఆవిడ కూర్చోడం నేను చూడటం అదే మొదటిసారి.

పెళ్లాం కూర్చుందని హార్లన్ ఇంకా రెచ్చిపోయాడు. "నేను కొండమీద ఉన్నాను, వాడు కింద రోడ్డుమీద దూసుకుపోతున్నాడు. మనిషికి తగలకూడదు, అది డ్యూటీ. తూటా ఒక్కటే ఉంది. పేల్చాను. అది పోయి ముందు చక్రం గాలి తీసింది, వెనక చక్రం గాలి తీసింది, ఎదురుగా రోడ్డు మలుపు బోర్డు ఉంటే దానికి తగిలింది. బోర్డుమీద బాణం ఎడమకి ఉంది కదా, తూటా ఎడమకి తిరిగింది!"

"బోర్డు చదివిందా?" అన్నాడు లైల్.

"పోలీసు తూటారా అది, రూల్సు తెలీవా! తిరిగి, మిగతా రెండు చక్రాలూ తీసి, కిటికీలోంచి దూరి, రేడియో మీట ఉందే, దానికి తగిలింది. అప్పటిదాకా డాన్సు పాటలు వింటున్నాడు వాడు. స్టేషన్ మారిపోయింది. ఏదొచ్చింది? చర్చి ప్రసంగం! దొంగిలవద్దు అంటున్నాడు పాస్టరు, సరిగ్గా ఆ మాట దగ్గరే! బండి ఆపి, దిగి, రోడ్డుమీద మోకాళ్ల మీద పడ్డాడు. ఏడుపు. మీసాలు పిండితే బకెట్ నిండేది. నేను కొండ దిగి వచ్చేసరికి వాడే తన చేతులు కట్టేసుకుని ఉన్నాడు. అయ్యా, మీ రైఫిల్ పేరేమిటో చెప్పండి, పుట్టబోయే బిడ్డకి పెట్టుకుంటాను అన్నాడు."

"మరి ఆ తూటా ఏమైంది?" అని అడిగింది టెస్సా.

"గాలికి వెనక్కొచ్చి నా చొక్కా జేబులో పడింది. ఇప్పటికీ ఉంది."

"చూపించు," అన్నాడు లైల్.

"ఈ చొక్కా కాదు."

అప్పుడు బెర్నీస్ కూజా బల్లమీద పెట్టింది. "హార్లన్, ఆ దొంగకి మీసాల్లేవు."

"నీకేం తెలుసు? నువ్వు చూశావా?"

"ఆ దొంగని నేనే."

లైల్ గొంతులో ఉన్న కాఫీ ముక్కులోంచి వచ్చింది. ఇన్నేళ్లుగా ఆ హోటల్లో తింటున్నాం, ఈ ముక్క మాకెవరికీ తెలీదు. హార్లన్ చెవులు ఎర్రబడ్డాయి. గిన్నెలో చక్కెర ఎంతుందో చూడసాగాడు.

బెర్నీస్ టెస్సావైపు తిరిగింది. "నాకు పంతొమ్మిదేళ్లు. తెల్లారితే పెళ్లి. ఆ పెళ్లికొడుకు నన్ను చదువు మానిపించి, మా చెల్లెల్ని కూడా వాళ్లింటి చాకిరీకి తెమ్మన్నాడు. వాడి పికప్ తాళాలు గోడకి ఉంటే తీసుకుని, పెళ్లిగౌను హ్యాంగర్‌తో సహా పక్క సీట్లో పడేసి బయల్దేరాను. వాడు దొంగతనం కేసు పెట్టాడు. కొండ పక్కన పెట్రోలు అయిపోయి బండి ఆగింది. వెనకాలే పోలీసు కారు. అందులోంచి దిగాడు ఈయన. దిగి, తలుపు ధబీమని వేశాడు. తాళాలు లోపల. రైఫిల్ లోపల."

"అయ్యో," అంది టెస్సా.

"అద్దంలోంచి రైఫిల్ కేసి చూశాడు, నాకేసి చూశాడు. అమ్మాయ్, నీ దగ్గర తీగ ముక్క ఏమైనా ఉందా అని అడిగాడు. పెళ్లిగౌను హ్యాంగర్ విప్పి ఆ కారు తలుపు నేనే తీశాను. ఆ తీస్తున్నంతసేపూ పక్కన నిలబడి ఏదో కథ చెప్తూనే ఉన్నాడు. నేను పారిపోయేదాన్నే, పరిగెత్తడానికి ఎడారంతా ఉంది. వింటూ ఉండిపోయాను."

"రైఫిల్ తియ్యలేదా?" టెస్సా కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

"ఆ రోజూ తియ్యలేదు, రిటైరయ్యేదాకా డ్యూటీలో ఒక్కసారీ పేల్చలేదు. ఎదుటివాడితో మాట్లాడేవాడు. వాడు విసిగిపోయి లొంగిపోయేవాడు. ఆ గొప్ప మొదటి రైఫిల్ సంగతి కూడా విను. క్యాలెండర్లో ఆదివారం చూసి కొన్నాడు కదా, అది డ్యూటీకి పనికిరాదని ఆఫీసులో మొదటి రోజే చెప్పేశారు. వాళ్లదే ఇచ్చారు. ఈయనది మా పడగ్గదిలో బీరువాలో ఉంది. ఏడాదికోసారి తీసి పేలుస్తాడు. పేల్చేటప్పుడు రెండు కళ్లూ గట్టిగా మూసుకుంటాడు."

"నిజంగానా?" అంది టెస్సా. ఆ పొద్దున ఆ పిల్ల మొహంలో వెలుగు రావడం అప్పుడే చూశాను. "నాకూ మూసుకుపోతాయి హార్లన్ గారూ. నాన్నది పేల్చినప్పుడల్లా. అక్కడ శిక్షణలో చూస్తే పంపేస్తారేమోనని... ఇంట్లో ఎవరికీ చెప్పలేదు."

అందరం హార్లన్ కేసి చూశాం. ఆయన ఓ కొత్త కోత అందుకుంటాడనే అనుకున్నాం. నోరు తెరిచాడు కూడా. బెర్నీస్ కళ్లతోనే వద్దంది.

"చిన్నది తీసుకో తల్లీ," అన్నాడు. "పెద్దదానితో మొదలెడితే బెదురు ఒంట్లో ఉండిపోతుంది. చిన్నదానితో కొడుతూ ఉంటే కళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. డ్యూటీకి ఏది కావాలో ఆఫీసువాళ్లని అడుగు, ఇచ్చేది వాళ్లే."

అంతే. ఇంకొక్క మాట లేదు. హార్లన్ నోట అంత పొట్టి మాట ఆ హోటల్లో ఎవరూ విని ఉండరు. లైల్ మర్యాదకి టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

టెస్సా లేచింది. ఎదురు కొట్టుకే పోతున్నట్టుంది, నడకలో తెలుస్తోంది. తలుపు తీస్తే గాలి లోపలికి కొట్టింది. సగం బయటికి పోయినదల్లా ఆగి వెనక్కి తిరిగింది. అడక్కుండా పోలేని పిల్ల కదా.

"బెర్నీస్ గారూ, పికప్ ఏమైంది?"

"షెరీఫ్ వచ్చి దాన్ని వాడికి పంపించేశాడు. నన్ను బస్సెక్కించాడు."

"మరి ఈయన్ని పెళ్లెందుకు చేసుకున్నారు?"

బెర్నీస్ కూజా చేతిలోకి తీసుకుంది. "షెరీఫ్ వచ్చేటప్పటికి ఈయన చెప్తున్న కథ సగంలో ఉంది. మిగతా సగంలో ఏమైందో తెలుసుకుందామని తిరిగొచ్చి చేసుకున్నాను. ఇంకా చెప్తూనే ఉన్నాడు."