రెండో వరుస వరిమొక్కలు

"నానమ్మా, బడికే పోలేదంటవ్, యాంటీ ఆక్సిడెంట్ అంటే నీకెట్ల ఎరుక?"

ఎందుకెరుక లేదే? గచ్చిబౌలి యూనివర్సిటీల మొక్కలకు నీళ్లు పోసినదాన్ని. తెలంగాణ కొట్లాట రోజులు. అప్పుడు మీ తాత ఉండె... కాదు కాదు, తాత పోయిన మరుసటేడు.

ఆడ మేరీ అని ఒంగోలు దిక్కు పిల్ల, వరి మీద పెద్ద చదువు చదువుతుండె. కుండీలల్ల రెండు వరుసలు. మొదటిదానికి వారం దినాలు పల్చటి ఉప్పునీళ్లు, ఆనక చిక్కటివి. రెండోదానికి వారమంతా మంచినీళ్లే, ఆనక ఒక్కపారే చిక్కటి ఉప్పునీళ్లు.

"ఉప్పు తగిలితే మొక్క లోపల విషం పుడుతుందండి యాదమ్మగారూ. దాన్ని విరిచే మందు మొక్కే చేసుకుంటుంది. ముందే కొంచెం ఉప్పు తగిలిందనుకోండి, మందు సిద్ధంగా పెట్టుకుంటుంది" అని చెప్పింది. గా మందు పేరే నువ్వడిగింది.

ఇగ బంద్ పడ్డది. మేరీ మణికొండల కిరాయి రూంల ఇరుక్కున్నది. మన ఇల్లు దగ్గర గదా, వారమంతా నీళ్లు నేనే పోసిన. పొద్దుగాల మొక్కలు, పగలు రోడ్డు మీద వంటావార్పు, జై తెలంగాణ! రెండో వరుసను చూస్తె పానం ఆగలే. పాపం, తయారుగ లేకుండ సస్తయి గదా అని దానికి గుడ రోజూ జర ఉప్పునీళ్లు పోసిన.

మేరీ వచ్చి చిక్కటివి పోసింది. రెండు వరుసలూ పచ్చగనే ఉన్నయ్! ఆకులు నూరి చూస్తె రెండిట్ల మందు సమానమే. "కొత్త సంగతండీ, సారుకు చెప్పొస్తా" అని పిల్ల ఉరికింది.

నేను చేసిన పని అప్పుడు యాదికొచ్చింది. చెప్తే, ఆంధ్ర పిల్ల పని తెలంగాణామె కావాల్నని ఖరాబు చేసిందంటరు, నౌకరీ పోతది. చెప్పకుంటే ఆ పిల్ల నలుగురిల నవ్వులపాలైతది. చెప్పుల్లేకుండ ఉరికి, మెట్ల కాడ చెయ్యి పట్టుకొని ఆపిన. అంతా చెప్పి ఏడ్చిన.

ఆ పిల్ల మెట్ల మీద కూలబడ్డది. జరసేపటికి నవ్వుడు మొదలుపెట్టింది! "చెడగొట్టేవాళ్లు చంపుతారుగానీ, బతికిస్తారా యాదమ్మగారూ?" అన్నది.

మళ్ల విత్తనాలు నానబెట్టింది. ఈపారి రెండో వరుస దిక్కు నన్ను రానియ్యలే, చూడు! అవి వాడినంక పిలిచింది. ఇద్దరం కలిసి పీకినం. నాకంటె ఆమెనే ఎక్కువ ఏడ్చింది.

రేపు నీకు కొత్త ఆఫీసు గదా బిడ్డా. కష్టం రావద్దని దేవునికి మొక్కను. ఒక్కపారే రావద్దు, జర జర రావాలె. సల్లగుండు. ఇగ తిందువు రా...