డ్రమ్మర్లు నిలవని బ్యాండు

సాయంత్రం షో. సైకిల్ షాపు వెనకగదిలో, రాక్ బ్యాండు పాటగాడు ఫోను చెవిన పెట్టుకుని మండిపోతున్నాడు. ఎదురుగా బావ గిటారు తీగలు బిగిస్తున్నాడు.

“ఎత్తట్లేదు బావా! షో నెత్తిమీద పెట్టుకుని మన డ్రమ్మరు, ఆ కరెంటు పనాయన, ఫోనెత్తట్లేదు!”

“ఎత్తడు. నిన్న నువ్వన్న మాటలకి నేనైనా ఎత్తను.”

“ఏమన్నాను? తాళం వెనకపడుతోందన్నాను. పడలేదా?”

“నత్తకి రెండు కర్రలిచ్చినా నీకంటే ముందుంటుంది అన్నావు.”

“సరదాకన్నాను.”

“మొదటివాడినీ సరదాకే అన్నావు. పాపం ఆ మెకానిక్ మళ్లీ ఈ సందులోకి రాలేదు. తర్వాత లెక్కల టీచరు. ఆయనైతే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.”

“లెక్కల టీచరై ఉండి నాలుగు దాకా లెక్కపెట్టలేకపోతే నన్నేం చెయ్యమంటావు? అయినా ముగ్గురూ ఒకేలా వెనకపడతారేంటి బావా? వచ్చినరోజు దుమ్ము లేపుతారు. హెడ్‌ఫోను పెట్టుకుని రికార్డింగుకి కూర్చోగానే చేతులు చచ్చుబడిపోతాయి. వింటున్నావా?”

“తీగ బిగిస్తున్నా.”

“ఇందాకట్నించీ అదే తీగ. తెగుతుంది.”

“తెగనీలే.”

“ఏం మనిషివి నువ్వు! సినిమా పాటలు పాడేదే లేదని మొండికేసి, ఇన్నాళ్లకి ఒక్క హాలు సంపాదించాం. ముందువరసలో ఆల్బం కంపెనీ ఆయన కూర్చుంటాడు. డ్రమ్స్ లేకుండా ఎక్కితే ఇంకా మైకులు సరిచూస్తున్నారనుకుంటాడు!”

“నువ్వే వాయించు. మొదట్లో డ్రమ్స్ నీవేగా.”

“మరి పాడేదెవరు? నువ్వా?”

“మొదట్లో పాడింది మీ అక్క.”

“అక్కకి గొంతు పోయిందనేగా నేను మైకు పట్టుకుంది!”

“జలుబురా అది. వారంలో తగ్గింది.”

“తగ్గితే అడగొచ్చుగా? ‘నాకీ బేస్ గిటారే బాగుందిరా’ అని తనే అంది. ఇంతకీ వ్యాను తెస్తానని వెళ్లిన మనిషి ఏది? ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు. ఆఁ, కరెంటాయనా! దేవుడిలా వచ్చావు. నిన్నటి మాట మనసులో పెట్టుకోకు, రా, కూర్చో—”

“కూర్చోను. నా సింబల్స్, ఆ ఇత్తడి పళ్లేలు, తీసుకెళ్దామని వచ్చాను. ఒక్కటడుగుతా. నచ్చకపోతే మొహమ్మీద చెప్పండి. హెడ్‌ఫోన్లో ఇంకొకడి డ్రమ్స్ పెట్టి నన్ను వెర్రివాణ్ని చెయ్యడమెందుకు?”

“ఇంకొకడి డ్రమ్సా? అందులో వచ్చేది టిక్కుటిక్కుమనే లెక్క ఒక్కటే.”

“ఆ టిక్కు కింద ఇంకోటి సన్నగా మోగుతోంది, రవ్వంత ఆలస్యంగా. చెయ్యి దానివెంటే పోతోంది. నాకే చెవులు పోయాయేమో అనుకున్నా. పెట్టుకుని వినండి.”

“ఇవ్వు. ఏదీ... టిక్కే... ఆగాగు. ఇది నా చెయ్యి! బావా, మన మొదటి పాటకి నేను వాయించిందిది! ఇందులోకెలా వచ్చింది?”

“నాకేం తెలుసు?”

“సౌండు చూసేది నువ్వు కాదూ? నువ్వే! మెకానిక్కుని తరిమింది, టీచర్ని ఏడిపించింది నువ్వే! నా నోట తిట్టించి నువ్వు తీగలు బిగిస్తూ కూర్చున్నావు!”

“నేను వైర్లు తగిలిస్తాను, అంతే. చెవుల్లోకెళ్లేది కంప్యూటర్లో తయారుచేసేది నేను కాదు.”

“మరెవరు?”

“ఇప్పుడవన్నీ ఎందుకు? కర్రలు తీసుకో. ఇవాళ్టికి గట్టెక్కుదాం.”

“చెప్పేదాకా కదలను. షో పోతే పోనీ.”

“నన్నడక్కురా. రాత్రికి ఆ ఇంట్లోనే అన్నం తినాలి నేను.”

“అంటే... బావా? ఎవరు? పేరు పెట్టి చెప్పు.”

“మీ అక్క. నువ్వు మళ్లీ డ్రమ్స్ దగ్గరికి పోతే తప్ప మైకు తన చేతికి రాదని.”