బావి దగ్గర ఆగని బండి

ఎడారి అంచునున్న అగాదెజ్‌లోని తన షెడ్డులో గుమూర్ పికప్ కిందనుంచి బయటికి పాక్కుంటూ వచ్చేసరికి, అల్లుడు ఎఖియా మూలనున్న పెద్ద డీజిల్ టాంకును కాలితో తడుతున్నాడు.

“దీన్ని కూడా బిగించండి మామయ్యా. ఇక ఎడారి దాటేదాకా ఎక్కడా ఆగక్కర్లేదు.”

“బావి దగ్గర కూడానా?”

“అక్కడ ఆగేది డీజిల్ కోసమేగా! నీళ్ళు ఇక్కడే నింపుకుంటాను.”

“బావి దగ్గర డీజిల్ అమ్మే సాలె నీ బండి కోసం ఎదురుచూస్తుంటాడయ్యా. పొద్దుగూకినా రాకపోతే వెతకడానికి మనుషుల్ని పంపుతాడు.”

“నేనేమన్నా పసిపిల్లాడినా?”

“ఆగకుండా పోయేవాడివని తెలిస్తే నీకోసం ఎవడు చూస్తాడు?”

“మీకు మరీ భయం మామయ్యా. బిగించనంటే చెప్పండి, ఇంకో షెడ్డుకి పోతాను.”

గుమూర్ చేతిలోని రెంచీ కింద పెట్టేశాడు.

“ఆ టాంకు మా అన్న బండిది. అందరికంటే ముందు చేరాలని బావి దగ్గర ఆగకుండా పోయాడు.”

ఎఖియా కాలు వెనక్కి తీసుకున్నాడు.

“దారిలో డీజిల్ అయిపోయిందా?”

“లేదు, ఇరుసు విరిగింది. బావి దగ్గర ఆగడని ఎవరూ ఎదురుచూడలేదు, రాలేదని ఎవరికీ తెలియలేదు. మేం వెళ్ళేసరికి అన్న ప్రాణాలతో లేడు. టాంకులో సగం డీజిల్ మాత్రం అలాగే ఉంది.”