‘ఏటి’ అంటేనే తెరుచుకునే తాళం

మా శుభాకర్ మావయ్య ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో సెక్యూరిటీ. సాఫ్ట్‌వేర్ లోపల ఉంటుంది, సెక్యూరిటీ గేటు దగ్గర ఉంటుంది అన్న సంగతి ఆయన అడిగితే తప్ప చెప్పడు. అడిగినా చెప్పడు. కూర్మన్నపాలెంలో సగంమంది ఆయన్ని పెద్ద ఇంజనీరనే అనుకుంటారు. అసలు ఇంజనీర్ని నేను. నన్ను మాత్రం "శుభాకర్ మేనకోడలు అక్సా" అంటారు, అంతే.

ఆ రోజు ఆయన్ని బండెక్కించుకుని కొండ వెనకున్న యారాడ తీసుకెళ్లడం నా బుద్ధితక్కువ. యారాడలో చేపలమ్మే ఆడవాళ్ల సంఘానికి ఓ కోల్డ్ స్టోరుంది. అందులో ఒక్కొక్కరికి ఒక్కో అర. తలుపు దగ్గరున్న ట్యాబ్‌లో పాస్‌వర్డ్ కొడితే అర తెరుచుకుంటుంది. చిక్కేమిటంటే పాస్‌వర్డ్ అందరిదీ ఒకటే, అది కొడితే ఎవరి అరైనా తెరుచుకుంటుంది. పోయిన వానాకాలంలో సంఘం ప్రెసిడెంటు కాశమ్మగారి అరలోంచి పెట్టెడు వంజరం చేపలు మాయమైపోయాయి. ఎవరు తీశారో ట్యాబ్ చెప్పదు, దానికి తెలిస్తేగా! కాశమ్మగారి అనుమానం తోటికోడలు ధనలక్ష్మి మీదకి పోయింది. పక్కపక్క ఇళ్లు, ఒకే అరుగు, అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇలాంటి స్టోరు ఉన్నా ఒకటే మూసేసినా ఒకటే అని కాశమ్మగారు తెగేసి చెప్పాక, కొత్త తాళం పని నాకు అప్పగించారు. అది ఎలా ఉండాలో ఆ సాయంత్రం తేలిపోవాలి.

గవర్రాజుగారి టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని నేను చెప్పాల్సింది చెప్పాను. ఎవరి పిన్ను వాళ్లకివ్వాలి. ఎవరి పిన్నుకి వాళ్ల అరే తెరుచుకోవాలి. ఎవరు తెరిచారో ట్యాబ్ గుర్తుపెట్టుకోవాలి. కాశమ్మగారు టీ ఊదుకుంటున్నారు. మావయ్యకి ఆ మాత్రం సందు చాలు.

"పిన్నేటి పిన్ను! ఇయ్యాల ఇత్తారు, రేపటికి ఈదందరికీ తెల్సిపోద్ది. సెక్యూరిటీ గురించి నన్నడగండి పిన్నీ. ఓ రోజు పొద్దుట నాను డ్యూటీలో ఉన్నాను. ఒకడొచ్చాడు. మెళ్లో కార్డుంది, కార్డు మీద ఫొటో ఉంది, మిషన్లో ఎడితే పచ్చలైటెలిగింది. అందరూ ఎలిపోమన్నారు. నాను మాత్రం 'ఆగు బాబూ' అన్నాను. ఎందుకన్నానో తెల్సా? ఫొటోలో ఉన్నోడికి కుడిపక్క పాపిడి, ఈడికి ఎడంపక్క. 'కార్డు మీదొకడు, కార్డెనకాల ఇంకొకడు, ఏటి కత' అన్నాను. తమ్ముడి కార్డేసుకుని అన్నొచ్చీసినాడు, క్యాంటీన్లో బిర్యానీ కోసం!"

ఇంతవరకూ నిజమే. కంపెనీవాళ్లు ఆయనకి ఓ టిఫిన్ క్యారేజీ కూడా బహుమతిగా ఇచ్చారు. ఇక్కడ ఆగి ఉంటే మా మావయ్యంత మంచి సెక్యూరిటీ విశాఖపట్నంలో లేడని నేనే చెప్పేదాన్ని. కానీ పక్కన బోటు ఇంజన్లు బాగుచేసే ఎల్లారావుగారు బల్ల ముందుకి జరుపుకుని, "మరేటయింది బావా?" అన్నారు.

"ఏటయిందా? ఓనరుగారు సొయంగా లిఫ్టు దిగొచ్చీసి, నా బుజం మీద సెయ్యేసి, 'శుభాకర్, మన సాఫ్ట్‌వేరులోకి మనుసుల్ని ఎలగ రానియ్యాలో మా పెద్దోల్లు ఎన్నాల్లుగానో కొట్టుకుంటన్నారు, నువ్వొచ్చి తేల్చు' అనీసినారు. ఎల్లాను. ఏసీ రూము, బల్ల సుట్టూ కోట్లేసుకున్నోల్లు. ఒకడు పాస్‌వర్డంటాడు. 'బాబూ, పాస్‌వర్డంటే కూతురి పేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ, అది ఎవులికి తెల్దు' అన్నాను. కూకున్నాడు. ఒకడు ఓటీపీ అంటాడు. 'కొండెనకాల సిగ్నలేదీ? ఓటీపీ వొచ్చేసరికి పచ్చిసేప ఎండుసేపయిపోద్ది' అన్నాను. ఆడూ కూకున్నాడు. ఇంకొకడు ఏలిముద్రంటాడు. 'రోజల్లా ఐసులో సేతులెట్టి, పొలుసు గీసీ ఆడోల్లకి ఇంకా ముద్రలెక్కడున్నాయి, అరిగిపోనాయి' అన్నాను. మొకం సూసి తలుపు తీసీ మిషనంటాడు ఇంకొకడు. తెల్లారగట్ల తలకి తువ్వాలు సుట్టుకుని వత్తే మిషను ఎవుల్ని సూత్తాది? తువ్వాల్నా?"

"ఏలిముద్ర మాట నిజిమేరా. రేసను కాడ నాది పడదు, మా కోడల్ని పంపాల" అన్నారు కాశమ్మగారు.

నాకు ఒళ్లు మండింది. ఇవన్నీ నేను దారిలో బండాపి మా టీమ్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే వెనక సీట్లో కూర్చుని విన్నవే. ఓటీపీ దగ్గర ఎండుచేప ఒక్కటే ఆయన సొంతం.

"అందర్నీ కూకోబెట్టీసి నాను లేసాను. 'మాట ఎట్టండి' అన్నాను. ఏ మాట అన్నారు. 'ఏటి' అన్నాను. 'అదే, ఏ మాట?' అన్నారు. 'ఏటి అన్నదే మాట' అన్నాను. మిషను ముందు నిలబడి ఏటి అంటే తలుపు తెరుసుకోవాల, అంతే. రెండచ్చరాలు! గానీ మన సీకాకులం, ఇజినారం, ఇశాపట్నం గాలి పీల్చినోడు తప్ప పెపంచకంలో ఇంకెవుడూ తిన్నగా అనలేడు. ఒకడు ఏమిటీ అంటాడు, ఒకడు ఏంటీ అంటాడు, ఒకడు ఏందీ అంటాడు. అన్నాడంటే మనోడు కాదు, తలుపు తియ్యదు."

"తీసిందా మరి?" అన్నారు ఎల్లారావుగారు.

"ఓనరుగారికే తియ్యలేదు! ఆయనది బెజవాడ. పాపం, ఏంటీ అన్నాడు. సొంత కంపెనీ, బయటుండిపోనాడు. నా కాడ కుర్చీ ఏసుకుని ట్యూషను సెప్పించుకుంటే, ఎప్పటికో తలుపు తీసింది గానీ, 'ఏటి సార్, జలుబా?' అని అడిగి మరీ పంపింది."

"మిషను మాటాడిందా?" అన్నారు గవర్రాజుగారు, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"మాటాడకేటి? పొద్దల్లా మన మాటలే ఇంటంటే నేర్సుకోదా? అది సరే, ఆ తర్వాత ఏటయిందో తెల్సా? సముద్రంలో నిలబడిపోయిన ఓడలోల్లకి ఈ సంగతి తెల్సిపోనాది. 'మాకూ ఆ తాళమే కావాల' అన్నారు. ఎట్టాను. ఇంకేటి, పనామా ఓడ, గ్రీసు ఓడ, కెప్టెన్లందరూ తెల్లోల్లు, డెక్కు మీద వరసగా నిలబడి మైకుల్లో 'ఏటీ, ఏటీ' అని ఒకటే పాక్టీసు. ఆ కేక ఈ కొండకి తగిలి తిరిగొచ్చి కొట్టీది. యారాడ కోళ్లు కూత మానీసి ఏటీ అన్నాయి."

"మా కోళ్లా?" అన్నారు కాశమ్మగారు.

"మీ కోళ్లే పిన్నీ. నువ్వు బజార్లో ఉండుంటావు."

కాశమ్మగారు టీ గ్లాసు కింద పెట్టి, చెంగుతో మూతి తుడుచుకుని, తిన్నగా ఆయన వైపు తిరిగి కూర్చున్నారు. మావయ్య అది మెచ్చుకోలు అనుకున్నాడు.

"ఇక ఆ తాళం బద్దలుకొట్టాలని పరాయిదేశంలో ఒకామె బయల్దేరింది. దేశం పేరు సెప్పకూడదు, కాయితం మీద సంతకం ఎట్టాను. పెపంచకంలో ఆవిడ తియ్యలేని తాళం నేదు. బ్యాంకులే తీసీసింది. గానీ కంప్యూటరు ముందు కూకుని ఎంత గింజుకున్నా ఏటి అనలేపోనాది. ఏం సేసిందో తెల్సా? ఇమానమెక్కి సక్కా యారాడ వొచ్చీసింది! ఇల్లు అద్దెకి తీసుకుంది. సీర కట్టింది. సేపల గంప నెత్తినెట్టింది. ఎండలో తిరిగి తిరిగి నల్లబడిపోనాది. బేరాలాడింది, తిట్టింది, తిట్లు తింది. అలగ నేర్సుకుంది పిన్నీ మన మాట, పక్కింటోల్లు సైతం పోల్చలేపోనారు! సివరికి ఓ రోజొచ్చి మిషను ముందు నిలబడి 'ఏటి' అంది."

"తెరుసుకుందా?" అన్నారు ఎల్లారావుగారు.

"తెరుసుకోకేటి? బార్లా తెరుసుకుంది. గానీ అక్కడే ఉంది నా తెలివి! లోపలికి రానియ్యడం ఒకటి, లోపల ముట్టుకోనియ్యడం ఇంకొకటి. పెళ్లింటికి ఊరందరూ వత్తారు, అలగని అందరూ బీరువా తీత్తారేటి? ఎవులికి ఏది రాసుంటే అదే తెరుసుకోవాల. మిషను ఆవిడ్ని ఎగాదిగా సూసింది. సేపలమ్మీ మనిసి, సేపలమ్మీవోల్లకి ఏటి కావాల? ఐసు. రెండు గంపల ఐసిచ్చి 'బేగి ఎల్లమ్మా, కరిగిపోద్ది' అంది. ఆవిడ ఐసు పట్టుకుని బజారుకి పరిగెట్టింది. ఆ పరుగులోనే కంప్యూటరు మరిసిపోనాది, సొంత దేశం మాట మరిసిపోనాది. ఇప్పటికీ ఇక్కడే ఉంది. ఈ ఈదుల్లోనే సేపలమ్ముకుంటంది!"

మావయ్య చుట్టూ ఓసారి చూసి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. నిజం చెప్పాలంటే, లోపలికి రానివ్వడం ఒకటి, ముట్టుకోనివ్వడం ఒకటి అన్న ముక్క నేను కూడా అంత బాగా చెప్పలేను. అదే నా భయం. ఆయన మాటలకి పడిపోయి, వీళ్లు నన్ను ‘ఏటి’ మిషనే పెట్టమంటే నేనేం చెయ్యను?

"ఆవిడ పేరేటన్నావు?" అన్నారు కాశమ్మగారు.

"సెప్పకూడదు పిన్నీ. సంతకం."

"సెప్పకపోయినా పర్లేదులే బాబూ. అది నానే."

గవర్రాజుగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"నువ్వేటి పిన్నీ!" మావయ్య నవ్వబోయాడు. "నువ్విక్కడే పుట్టావు. మా అమ్మ నీ కాడే సేపలు కొనీది."

"అలగ నమ్మీలాగ నేర్సుకున్నాను గదరా. పక్కింటోల్లు సైతం పోల్చలేపోనారని నువ్వే గదా అన్నావు."

"అవును బావా, అన్నావు" అన్నారు ఎల్లారావుగారు.

"అయితే మీ దేశం మాట ఒకటి సెప్పు సూద్దాం."

"మరిసిపోనాను. అదీ నువ్వే అన్నావు."

టీకొట్టు టీకొట్టంతా గొల్లుమంది. కాదంటే కథ అబద్ధమైపోతుంది, ఔనంటే పరాయిదేశపు హ్యాకర్‌కి తలుపు తీసిన తాళం ఆయనదే. ఎటు పోవాలో తెలియక మావయ్య ఖాళీ గ్లాసులోకి చూశాడు. నాకు నవ్వుతో పాటు కొంచెం జాలి కూడా వేసింది.

ముందుగా నవ్వు ఆపింది కాశమ్మగారే.

"పరాయిదాన్ని నానే నేర్సుకుని తీసీసినాను. మరి యారాడలో పుట్టి ఏటి అననోల్లు ఎవులున్నారు? నా కోడలనదా, దాని సెల్లెలనదా, నువ్వనవా? నా పెట్టె పట్టికెల్లింది గ్రీసు ఓడ దిగొచ్చినోల్లేటి? మా ఈదోల్లే. నాలాగ మాటాడీవోల్లే. మనోల్లని నీ మిషను సెప్తే నాకేటి లాబం బాబూ? మనోల్లలో ఎవులో సెప్పాల."

"పిన్ను కూడా పక్కోల్లకి సెప్పీసుకుంటారు పిన్నీ" అన్నాడు మావయ్య, చాలా చిన్నగా.

"సెప్పుకుంటే సెప్పుకున్నోల్లే జవాబు సెప్తారు. ఇప్పుడు అందరి మీదా అనుమానమే, జవాబు సెప్పీవోల్లు ఒక్కలూ లేరు."

ఆవిడ నా వైపు తిరిగారు. "నీ తాళమే ఎట్టు పాపా. నా అర నాకే తెరుసుకోవాల గదా? ప్రెసిడెంటునని నాకు ఇంకొకలది తెరుసుకోకూడదు గదా?"

"తెరుచుకోదండి. ఎవరిది వాళ్లకే."

"పోయిన పెట్టె ఎవులు తీసారో ఇది సెప్తాదా?"

"పోయినది చెప్పలేదండి. ఇకమీద తీస్తే చెప్తుంది."

కాశమ్మగారికి అసలు కావలసింది ఆ పోయిన సంగతే. అది నా చేతిలో లేదు, మా మావయ్య మిషను చేతిలోనూ లేదు. అబద్ధమాడితే ఆవిడ మనసు కుదుటపడేదేమో గానీ, నాకు నోరు రాలేదు.

"అయితే మొదటి పిన్ను ధనలక్ష్మికియ్యి" అన్నారు చివరికి.

"ముందు మీకు కదండీ, ప్రెసిడెంటు మీరు."

"దానికే ముందియ్యి. తీసిందో లేదో తెలక, ఏడాదవుతంది దాని గుమ్మం తొక్కలేదు. మళ్లీ ఏదైనా పోతే, ట్యాబు సూసి 'అది తియ్యలేదు' అని ఊరందరికీ ముందుగా నానే సెప్పాల."