అన్నయ్య తీసిన పగడాలు

తుఫానుకి చితికిపోయిన పగడపు దిబ్బ మీద మళ్ళీ పగడాలు నాటుతున్న ఆఫీసు అది. నీటి అడుగున ఫోటోలు తీసేది వదిన, వాటిని కంప్యూటర్లో అతికించి ఒకే పటంగా చేసేది ఆడపడుచు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ గడుసో ఇంకా తేలలేదు.

"వదినా, ఇవి నువ్వు తీసినవి కావు."

"ఏవి?"

"ఈ నెల ఫోటోలు."

"నేను కాక ఎవరు తీస్తారే? చేపలా?"

"చేపల్నే తీశారు! ఇదిగో చిలకచేప, ఇదిగో దాని తోక, ఇదిగో అది పారిపోయిన చోటు. నువ్వయితే దుక్కి దున్నినట్టు వరసగా వెళ్తావు."

"నీళ్ళు కాస్త మసగ్గా..."

"అద్దంలా ఉన్నాయి. అన్నయ్య బొటనవేలు కూడా కనిపిస్తోంది. మీ ఇంటి ఆల్బమ్ నిండా ఆ వేలేగా!"

"సరే, మీ అన్నయ్యే తీశాడు. పడవ నడిపేవాడు కెమెరా పట్టకూడదా?"

"పట్టొచ్చు. కానీ ఒక ఫోటో అంచు ఇంకోదాని మీదకి ఎక్కితేనే కదా కంప్యూటర్ అతికించేది? చూడు, మధ్యలో ఎంత కన్నమో! పోయిన నెల నాటిన కొమ్మలన్నీ అక్కడే. బతికాయో లేదో ఏం చెప్పను?"

"బతికాయే. మీ అన్నయ్య చూశాడు."

"చూశాడంటే సరిపోతుందా? ఎల్లుండి పటం చూపించకపోతే నాట్లు ఆపేస్తానన్నారు డైరెక్టర్‌గారు. ఇన్నాళ్ళ కష్టం గంగలో కలిసినట్టే."

"అలా అనకే, నా ప్రాణం పోతోంది."

"అయితే రేపు దిగి మళ్ళీ తియ్యి."

"నువ్వు దిగకూడదూ? నీకు నేర్పింది నేనేగా."

"నా పని కుర్చీలో. మాట మార్చకు. నువ్వెందుకు దిగవు?"

"చెవి నొప్పి."

"ఏ చెవి?"

"ఎడమ... కాదు, కుడి."

"తేల్చుకుని చెప్పు."

"మీ అన్నయ్య ఏ చెవి అని అడగలేదు మరి."

"వాడు వెర్రిబాగులోడు. నేను కాదుగా! ఏం, పోట్లాడుకున్నారా?"

"ఛ!"

"ఉద్యోగం మానేస్తున్నావా?"

"ఈ పగడాల్ని వదిలేసా?"

"మరేంటి వదినా? నాకు భయమేస్తోంది, చెప్పవూ?"

"ఇంట్లో ఎవరికీ ఇప్పుడే చెప్పొద్దనుకున్నా. మీ అన్నయ్యకి తెలిస్తే రేవంతా చాటేస్తాడు."

"ఏది తెలిస్తే?"

"డాక్టరమ్మ నీళ్ళలోకి దిగొద్దంది."

"ఎన్నాళ్ళు?"

"కాన్పయ్యేదాకా."